బాపట్ల వాళ్ళ జవాబు

తెనాలి కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన పాపానికి, చుట్టాల్లో ఎవరికి ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా నా దగ్గరికే వస్తారు. డాక్టర్ల రిపోర్టులూ, కరెంటాఫీసు కాగితాలూ ఎన్నో చదివిపెట్టాను. ఏదీ నాకింత రోత పుట్టించలేదు.

ఆ ఆదివారం రేపల్లె నుంచి మా అన్నయ్య తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల బట్టల బ్యాగు తెచ్చుకుంది. మా ఇంట్లో నాలుగు రోజులుంటుందట. పెళ్ళిచూపులయ్యాక ఇంటికెళ్ళి కబురు చేస్తామన్న బాపట్ల వాళ్ళు ఇన్నాళ్ళకి వాట్సాప్‌లో ఒక్క వాక్యం పెట్టారు. అది తేలేదాకా విజయవాడలో వచ్చిన ఉద్యోగంలో చేరొద్దని అన్నయ్య పిల్లను ఆపాడు. చేరడానికి మర్నాడే ఆఖరు.

కళ్ళజోడు పెట్టుకుని చదివాను. 'వుయ్ ఆర్ నాట్ అన్‌విల్లింగ్, బట్ వుయ్ వుడ్ నాట్ వాంట్ టు స్టాండ్ ఇన్ యువర్ వే.' మాకు ఇష్టం లేకపోలేదు, అలాగని మీకు అడ్డం రాదలచుకోలేదు. వ్యాకరణం నిక్షేపంగా ఉంది. ఇంకెక్కడైనా కుదిరితే సరి, కుదరకపోతే ఈ పిల్ల ఉండనే ఉంది, అదీ అర్థం. మా వదిన చేసిన గారెలు అడిగి మరీ వేయించుకున్న మనుషులకి 'వద్దండి' అని తెలుగులో ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. ఇంగ్లీషులో నాన్చితే మర్యాద కాబోలు.

అదే చెబితే అన్నయ్య నమ్మలేదు.

"ఇష్టం లేకపోలేదన్నారుగా. అంటే ఇష్టమేగా?" అన్నాడు.

పైగా మనం వాళ్ళకి తీసిపోకూడదనీ, జవాబు కూడా తప్పుల్లేని ఇంగ్లీషులో రాసిపెట్టమనీ అడిగాడు. వాళ్ళ మీదకంటే ఆయన మీదే ఎక్కువ ఒళ్ళు మండింది. రాయనన్నాను.

అబ్బాయి నచ్చాడని మా ఆవిడతో చెప్పుకున్న పిల్ల అది. అంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి వింది. ఆ తర్వాత వచ్చి తండ్రి చేతిలో ఫోను తీసుకుని, తెలుగులో టైపు చేసి నాకు చూపించింది. 'మాకు ఈ సంబంధం వద్దండి.'

"తప్పులేమన్నా ఉన్నాయేమో చూడు బాబాయ్," అంది.

ఒక్కటీ లేదమ్మా అన్నాను. అన్నయ్య చెయ్యి చాచేలోగా పంపేసింది.

సాయంత్రం ఇద్దర్నీ స్టేషన్‌లో దింపాను. ఆయన రేపల్లె బండి ఎక్కాడు. పిల్ల బ్యాగు తీసుకుని విజయవాడ బండి ఎక్కింది.