చొక్కాల లెక్కలో ఒక సైకిలు

నాలుగు వీధులవారూ కాజాలక్క అని పిలిచే ఈమె వయసు నలభై ఏడు. ఈ పత్రం రాస్తున్న నకళ్ల గుమాస్తాకు ఆమె పంతొమ్మిదేళ్లుగా ఎరుక. ఇద్దరివీ ఒకే మెట్లకు అటూ ఇటూ ఉన్న గదులు. చొక్కాకు గుండీ దూరే చీలిక చుట్టూ చేత్తో దారం అల్లడాన్ని కాజా వేయడం అంటారు. ఆమె జీవనాధారం అదే. భర్త పోయాక తనను, కళ్లు సరిగా ఆనని ఆడబిడ్డను ఆ సూదితోనే పోషించుకొస్తోంది.

చొక్కాకు ఏడు కాజాలు. గంటకు రెండు చొక్కాలు. వస్తువు ఏదైనా సరే, ఆమెకు దాని వెల చొక్కాల్లోనే తెలుస్తుంది. గది అద్దె అరవై చొక్కాలు. ఆడబిడ్డ కళ్లజోడు ఇరవై రెండు. డబ్బులో చెబితే తికమకపడుతుంది గాని, చొక్కాల లెక్కలో ఆమెను బోల్తా కొట్టించినవారు ఇంతవరకు లేరు.

ఆమెకు వచ్చే పనిలో సగం పెద్ద దర్జీ ఇచ్చేదే. ఈ నెల మొదటివారంలో ఆయన కత్తెర పక్కన పెట్టి మరీ మాట కదిపాడు.

"అక్కా, బడిపిల్లల చొక్కాల పని మొదలవుతోంది. ఇకమీద పొద్దున తొమ్మిదికల్లా మూట నా బల్ల మీద ఉండాలి. సాయంత్రం మళ్లీ వచ్చి కొత్త మూట పట్టుకెళ్లాలి. నువ్వు నడిచొచ్చేసరికి నా ఇస్త్రీపెట్టె చల్లారిపోతోంది."

"నడవక, ఎగిరి రమ్మంటావా తమ్ముడూ?"

"ఎలా వస్తావో నీ ఇష్టం. నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత కాజా మిషనువాడికి ఇచ్చేస్తాను. నీ చేతి కాజా అందమే, కాదనను. ఆ అందం చూస్తూ కూర్చుంటే బడి తెరిచేస్తారు."

ఆ విధంగా సైకిలు మాట పుట్టింది. రొక్కానికైతే దాని వెల మూడు వందల చొక్కాలు. వాయిదాల మీదైతే నెలకు ముప్ఫై చొప్పున పన్నెండు నెలలు.

"వదినా, మూడొందల అరవై అయింది. ఆ పై అరవై చొక్కాలూ ఎవరి ఒంటికి తొడుగుతావు?" అంది ఆడబిడ్డ.

"వడ్డీకి తొడుగుతాను. రొక్కం కూడబెట్టేదాకా ఆగితే పెద్ద దర్జీ మిషనువాడికి చుట్టమైపోతాడు."

కాజాలక్క గుడ్డల మీద గీసే సుద్దముక్కతో నేల మీద లెక్క వేసింది. దర్జీ దుకాణానికి వెళ్లి రావడానికి నడకైతే రెండు గంటలు, సైకిలైతే గంట. పూటకో గంట మిగిలితే రోజుకు నాలుగు చొక్కాలు, నెలకు వంద. ఆ వంద చూసి ఆమె మొహం వెలిగింది. కళ్లు ఆనని ఆడబిడ్డే ఆ లెక్కలోని తప్పు పట్టింది.

"సాయంత్రం మిగిలే గంటలో, తెల్లచొక్కా మీద తెల్లదారం నీకెక్కడ కనిపిస్తుంది? ఎండపొడ పోయాక సూది ముట్టవు కదా నువ్వు."

కాజాలక్క మళ్లీ నేల మీదికి వంగింది. అరచేత్తో సగం తుడిచేసి యాభై అని రాసింది. ముప్ఫై వాయిదాకు పోతే ఇరవై మిగులు. తక్కువే అయినా మిగులే. పైగా పెద్ద దర్జీ పని నిలుస్తుంది.

మర్నాడు సైకిళ్ల దుకాణానికి వెళ్లింది. చిన్నప్పుడు అన్న సైకిలు తొక్కిన కాళ్లు మరిచాయో లేదో చూసుకుంటానంది. కౌంటరు దగ్గరి ఆయన సరేనన్నాడు గాని, హామీగా ఏదైనా ఉంచి వెళ్లమన్నాడు. ఆమె చెప్పులు విడిచి బల్ల పక్కన పెట్టింది. మడమ దగ్గర నేల కనిపించేటంత అరిగి ఉన్నాయి అవి.

"వీటి కోసమైతే ఎవరూ తిరిగి రారమ్మా."

"ఏడాదికి నాలుగు జతలు బాబూ. అవీ నీ సైకిలు లాభంలోనే రాసుకో."

ఆమె వీధి చివరిదాకా వెళ్లి, కొంచెం వంకరగా మలుపు తిరిగి, వచ్చేటప్పుడు తిన్నగా వచ్చింది. దిగాక చాలాసేపు హ్యాండిలు వదల్లేదు. అప్పుడు ఆయన కాగితం చదివి వినిపించాడు. వాయిదా ప్రతి నెలా ఒకటో తేదీన కట్టాలి. దాటితే, దాటిన ప్రతిసారీ జరిమానా. ఆమె ఆ మొత్తాన్ని వేళ్ల మీద చొక్కాల్లోకి మార్చుకుంది. పది.

"నాకు దర్జీలు కూలి ఇచ్చేది ఏడో తేదీన కదా బాబూ. అంటే ప్రతి నెలా కట్టాల్సిందేనా ఇది?"

"తేదీ నా చేతిలో లేదమ్మా. మేనేజరు గారికి రాయించుకోండి."

మిగిలే ఇరవైలో పది అలా పోతే, తక్కిన పదీ పంక్చర్లకూ బ్రేకు రబ్బర్లకూ సరి. అప్పుడు ఏడాదిపాటు ఆమె సైకిలు కోసం తొక్కినట్టవుతుంది గాని, సైకిలు ఆమె కోసం తిరిగినట్టు కాదు.

ఆ సాయంత్రమే ఆమె మెట్లు దాటి గుమాస్తా గది గడపలో నిలబడింది.

"ఏమని రాయమంటావమ్మా?"

"ఉన్నది ఉన్నట్టు రాయండి బాబాయిగారూ. మొదటి వాయిదా సైకిలు తీసుకునే రోజే కట్టేస్తానని కూడా రాయండి. ముప్ఫై చొక్కాల డబ్బు డబ్బాలో ఉంది."

ఉన్నది ఉన్నట్టు రాయాలంటే ఒక సంగతి చేర్చవలసి ఉంది. మూడేళ్ల క్రితం నలభై చొక్కాలు అప్పగించి ఇల్లు చేరాక, ఒకదాని మెడ కాజా కొంచెం వంకరగా పడినట్టు ఆమెకు గుర్తొచ్చింది. దర్జీ చూడలేదు, తొడుక్కునేవారూ చూసి ఉండరు. ఆమె వానలో వెనక్కు నడిచి వెళ్లి, ఆ చొక్కా వెతికి, విప్పి, మళ్లీ వేసి వచ్చింది. ఆ పూట పోయినందుకు నాలుగు చొక్కాలు నష్టమని చెప్పిందే తప్ప, దాన్నొక గొప్పగా చెప్పుకోలేదు.

కావున, వాయిదాల విభాగపు మేనేజరు గారికి విన్నవించేదేమనగా: సదరు కాజాలక్క అడుగుతున్నది వడ్డీ తగ్గింపు కాదు, గడువు పొడిగింపు కాదు. మొదటి వాయిదా ముందుగానే స్వీకరించి, మిగిలిన పదకొండు వాయిదాల తేదీని ఒకటి నుంచి పదికి మార్చి, ఈ నెలాఖరులోగా ఆమెకు సైకిలు అప్పగించే ఉత్తర్వు దయచేయవలసిందిగా ఆమె పక్షాన సవినయంగా కోరడమైనది.