ఎద్దు మోకాలు తుడిచిన పూట

తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్ళుంటారని వింటుంటాం. అదే తడిగుడ్డతో సొంత గొంతు కోసుకున్న ఘనుణ్ణి నేను. అదీ కాబోయే అత్తగారింట్లో, పట్టపగలు, ఒక ఎద్దు సాక్షిగా.

అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. అక్షరం ముక్క రాదు. పలక పట్టింది మనవళ్ళు పుట్టాకే. చదువు రానివాడికి లోకంలోని ప్రతి కాగితం మీదా తనను మోసం చేసే సంగతే రాసి ఉన్నట్టు తోస్తుంది. కాగితాలతో ఆగినా బాగుండేది. నేను పాలను అనుమానించేవాణ్ణి, పాలిచ్చే గేదెను అనుమానించేవాణ్ణి. ప్రార్థనలో కళ్ళు మూసుకోమని పాస్టరుగారు అంటే, ఎందుకన్నాడోనని ఒక కన్ను తెరిచే ఉంచేవాణ్ణి.

వాకాడు పక్కన సాల్మన్ అనే రైతుకు రూతమ్మ అనే కూతురుందనీ, అమ్మకానికి ఒక ఎద్దు కూడా ఉందనీ మా అక్క వాకబు చేసింది. ఎద్దును చూసే వంకతో నేను పోతే, వాళ్ళు నన్ను చూస్తారు. అప్పటికే మూడు సంబంధాలు నా నోటి దురదకు బలయ్యాయి. ఇది కూడా పోతే ఇక వెతకనని అక్క తేల్చేసింది.

"ఎద్దు పళ్ళు చూడు, బాగుండాదను, వచ్చెయ్. నీ అనుమానం మాత్రం ఇంటికాడ కట్టేసి రా అబ్బయ్యా!"

ఒక చిక్కు ఉంది. నా మీసం అప్పటికే సగం నెరిసింది. నాయుడుపేట అంగట్లో నల్లరంగు పొడి కొన్నాను. "పూసి, గంటాగి, బాగా కడుక్కోవాలన్నా" అన్నాడు అంగడివాడు. కడిగితే రంగు పోతుంది. పోతే మళ్ళీ వీడి దగ్గరే కొనాలి. ఎంత ఎత్తు వేశాడో చూశారా! నేను కడగలేదు. పూసింది పూసినట్టే ఆరబెట్టుకుని, తెల్లచొక్కా తొడుక్కుని అక్కతో బస్సెక్కాను.

ఎద్దు అంటే అదీ ఎద్దు! ఒంగోలు జాతి. సున్నం కొట్టిన గోడలాంటి ఒళ్ళు, మెడ వెనక గోపురంలా మూపురం, కాటుక దిద్దినట్టు కళ్ళు, నల్లటి మోకాళ్ళు.

"ఇసకలో బండి కూరుకుంటే మోకాళ్ళ మీద వంగి లాగుద్ది" అన్నాడు సాల్మన్ మామ, కన్నబిడ్డను పొగిడినట్టు. "మళ్ళో దమ్ము చేసినా, పందెంలో బండ లాగినా అలుపు లేదు. ఈ జాతినే ఓడలెక్కించి బ్రెజిల్ దేశానికి తీసకపోయినారు. ఆడ నెల్లూరనే పేరుతోనే పిలుస్తారంట."

"ఓడలో పోయిన ఎద్దు జాబు రాసిందా మామా?"

అక్క నా కాలు తొక్కింది.

నేను చెవి పట్టి లాగినా, పెదవి ఎత్తి పళ్ళు లెక్కపెట్టినా ఎద్దు కదల్లేదు. మూరెడు మనిషికి ఇంత కొండ ఎందుకు లొంగాలి?

"మత్తుమందేమన్నా పెట్టినారా?"

"కందిపొట్టు పెట్టినాం" అన్నాడు మామ. "ఈ జాతి గుణమే అంత. కొట్టినోణ్ణి మరవదు, కొట్టనోణ్ణి ఏమనదు."

అక్క రెండో కాలు తొక్కింది. అప్పటికే నా చూపు మోకాళ్ళ మీద పడింది. ఈ జాతికి మోకాళ్ళు నల్లగా ఉండటం లక్షణమే. నాకూ తెలుసు. కానీ వంగి లాగే ఎద్దుకు అక్కడ పుండ్లు పడితే, సంతలో దళారులు నల్లరంగు పూసి కప్పేస్తారనీ తెలుసు. అనుమానం పెనుభూతమంటారు. నాది ఆ భూతానికి పెద్దన్న.

"మామా, కాసిన్ని నీళ్ళు తెప్పిస్తారా?"

"దప్పికైతాందా?"

"మోకాళ్ళు కడిగి చూడాల. ఎద్దువి."

మామ మొహం కందగడ్డ అయింది. "రూతమ్మా, బకెట్టు తేమ్మా. కడగనీ!"

రూతమ్మ బకెట్టు తెచ్చి పెట్టింది. నేను కండువా తడిపి రుద్దుతుంటే, ఎద్దు బకెట్లో మూతి పెట్టి ఒక్క విదిలింపు విదిలించింది. నీళ్ళన్నీ నా మొహానే. అదే కండువాతో మొహం తుడుచుకుని, మళ్ళీ మోకాలు రుద్ది, కండువా చూశాను. కాకిరెక్కలా నలుపు!

"దొరికింది!" అని ఎగిరి, కండువాను జెండాలా పైకెత్తాను. "ఏంది మామా ఇది? రంగేసిన ఎద్దును అంటగడతారా?"

మామ కండువా వైపు చూడలేదు. నా మొహం చూస్తున్నాడు. అక్క నా కాలు కూడా తొక్కలేదు. తల పట్టుకుని కూలబడింది.

రూతమ్మ నవ్వు ఆపుకోలేక అంది: "నాయనా, ఎద్దు మోకాళ్ళు ఉండేకాడే ఉండాయి. ఈయన మీసమే చొక్కా మీదికి దిగింది!"

మామ నా దగ్గరకొచ్చాడు. "ఎద్దు పళ్ళు చూసినావు గదా. ఇప్పుడు నువ్వు నోరు తెరువు. నీ వయసూ తేలుద్దాం."

"ముప్పై రెండే మామా! మీసమే తొందరపడింది. దేవుడి తోడు!"

నాలుగో సంబంధం కూడా నీళ్ళలో కలిసిందనుకుని అక్క చెప్పులు వెతుక్కుంటోంది. అప్పుడు రూతమ్మ అంది: "ఒప్పుకో నాయనా. మీసానికి రంగేసుకోనే చేతగానోడు నన్నేం మోసం చేస్తాడు?"

మామ ఎద్దు మెడ నిమిరాడు. "సరే. పిల్లనిస్తా. ఎద్దునియ్యను."

"అదేంది మామా?"

"దానికి నోరు లేదు అబ్బయ్యా, నీ అనుమానాలకి బదులు చెప్పుకోలేదు. మా పిల్లకి ఉండాది."

ఉందా లేదా అని నేను ఆనాటి నుంచి ఈనాటి దాకా ఒక్క పూట కూడా అనుమానించే అవసరం రాలేదు.

కనుక పెద్దలారా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను: నా మొహం కడుక్కోకుండా ఇంకెన్నడూ ఇంకొకరి ఎద్దును కడగను. ఈ మాట నా చేత్తో నేనే కాగితం మీద రాసి, సంతకం చేసి రూతమ్మకిచ్చాను. ఆమె సాంతం చదివింది. తలూపింది. ఆ తర్వాత వేలు తడి చేసుకుని, నా సంతకం మీద రుద్ది చూసింది.