పేరు ముందు ఒక్క మాట

మెరిదా ఊళ్లో విల్బర్త్ కావిచ్‌ని పేరుపెట్టి పిలిచేవాళ్లు ఇద్దరే, వాళ్లమ్మా, పెళ్లాం నిదెల్వియా. మాంసం కొట్టువాడి దగ్గర్నుంచి బస్సు డ్రైవరు దాకా మిగతా అందరికీ ఆయన ఇంజనీరుగారే. ఆయన ఏ కాలేజీ గడపా తొక్కలేదు. ఇల్లు కట్టేవాణ్ణీ, కంప్యూటరు తెలిసినవాణ్ణీ ఇంజనీరుగారూ అనడం అక్కడి మర్యాద. పట్టా చూపించమని ఎవరూ అడగరు.

పెద్దాసుపత్రిలో రక్తనిధికి పదిహేడేళ్ల కిందట ప్రోగ్రాం రాసిచ్చింది ఈయనే. ఉద్యోగి కాదు, ఏడాదికో కాంట్రాక్టు. తుపానుకి ఊరంతా కరెంటు పోయిన రోజున మోకాటి లోతు నీళ్లలో నడిచివెళ్లి దాన్ని మళ్లీ నిలబెట్టాడు. ఒకసారి ఒకరికి ఎక్కించాల్సిన రక్తం ఇంకొకరికి ఎక్కబోయి ఆగింది. ఆ రోజే కూర్చుని, రక్తం సంచి బయటికి వెళ్లేముందు రెండుసార్లు సరిచూసుకునేలా రాశాడు. మళ్లీ అలాంటిది జరగలేదు. ఆ పని ఆయనకి ప్రాణం.

ఈ ఏడు కొత్త నిబంధన వచ్చింది. పరీక్ష పాసైన సర్టిఫికెట్టు ఉంటేనే కాంట్రాక్టు.

"పదిహేడేళ్లుగా ఆగకుండా నడుస్తోంది కదమ్మా, అది చాలదూ?" అన్నాడు ఆఫీసులో అరేలితో. కాంట్రాక్టులు చూసేది ఆవిడే.

"నాకు తెలుసు ఇంజనీరుగారూ. ఫైలుకి తెలీదుగా."

ఆయనకి ఒళ్లు మండింది. అయినా ఏం చేస్తాడు? యాభై మూడేళ్ల వయసులో వల ఉయ్యాలలో పడుకుని పుస్తకాలు ముందేసుకున్నాడు.

"నేను రోజూ చేసేదానికే ఎవరో పేర్లు పెట్టారే! ముద్ద నోట్లో పెట్టుకోవడాన్ని ఏమంటారో చెప్పు అన్నట్టుంది" అని విసుక్కున్నాడు.

"అడిగితే చెప్పేసిరా. నీ సొమ్మేం పోయింది?" అంది నిదెల్వియా.

కంప్యూటరులో నింపే పరీక్ష దరఖాస్తులో పేరు ముందు ఒక గడి ఉంది. శ్రీ, డాక్టరు, ఇంజనీరు, వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆయన వేలు ఆగిపోయింది.

"ఏంటయ్యా ఆలోచన? ఊరు ఊరంతా పిలుస్తుంటే నీకు నువ్వు శ్రీ అని రాసుకుంటావా? నొక్కు!" అంది నిదెల్వియా.

నొక్కాడు.

నూటికి తొంభై నాలుగు వచ్చాయి. ఆవేళ నిదెల్వియా చిక్కుడు ముద్ద కూరిన పనూచో రొట్టెలు వేయించి వీధిలో అందరికీ పంచింది. ఆసుపత్రి గేటు దగ్గర కాపలా ఉండే ఎర్మిలో అనే ముసలాయన రెండు తిని, "మా ఇంజనీరుగారికి ఇప్పుడా పరీక్షలు!" అని పకపకా నవ్వాడు.

మూడు వారాలకి అరేలి కబురు పెట్టింది. బల్లమీద సర్టిఫికెట్టు, దానిమీద పెద్ద అక్షరాలతో "ఇంజనీరు విల్బర్త్ కావిచ్".

"మీ ఇంజనీరింగు పట్టా ఏదండీ?"

"లేదు. మీకు తెలుసుగా."

"మరి ఇక్కడ అలా ఉందే. లేని హోదా రాసుకుంటే తప్పుడు వివరాలిచ్చినట్టే. కమిటీ ఇది చెల్లదంది, దిద్దుకోవడానికీ వీల్లేదంది."

"మీరు కూడా నన్ను అలాగే పిలుస్తారు కదమ్మా!"

"పిలవడం వేరు, రాయడం వేరు, విల్బర్త్‌గారూ." ఆవిడ నోట ఆ పేరు రావడం అదే మొదలు. తల కొట్టేసినట్టయింది ఆయనకి.

ఆహా, ఏం న్యాయమండీ! పదిహేడేళ్లు అబద్ధపు పేరుతో పని చేయించుకున్నప్పుడు ఏ కమిటీకీ కళ్లు లేవు. కాంట్రాక్టు ఒక కంపెనీకి పోయింది. "నా నోరు పడిపోను, నేనే నొక్కమన్నాను" అని నిదెల్వియా ఏడ్చింది. ఆయన లేచి ఆవిడకి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అదే ఆవిడని ఎక్కువ కాల్చింది.

అప్పగింతకి ఆఖరిసారి వెళ్లాడు. "రండి ఇంజనీరుగారూ" అని ఎర్మిలో గేటు తీశాడు. ఆయన తలెత్తలేదు.

లోపల కంపెనీ తరఫున యమీలి అనే ఆవిడ నిలబడి ఉంది. సర్టిఫికెట్లు నాలుగున్నాయట. మంచిమనిషే పాపం. ఆయన తన పాత కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటీ చూపించుకుంటూ వచ్చాడు. రెండుసార్లు సరిచూసే చోటుకి వచ్చేసరికి ఆవిడ ముందుకి వంగింది.

"అబ్బ, ఎంత శుభ్రంగా రాశారండీ! మాకు పాఠాల్లో ఇలాగే చెప్పారు. ఎక్కడ చదువుకున్నారు?"

"ఇక్కడే" అన్నాడు. "ఈ కుర్చీలోనే."

ఆవిడ నవ్వింది, వేళాకోళం అనుకుంది కాబోలు. తర్వాత గడియారం చూసుకుంది.

"కాస్త లేస్తారా విల్బర్త్‌గారూ? నేను కూర్చోవాలి."