గడ్డి మందు మానేసిన ఏడు

ఆ మూడు మేకలూ నా వల్లే చచ్చిపోయాయి.

మాది బషీరాబాద్ దగ్గర చిన్న ఊరు. రెండెకరాల్లో కంది వేస్తాం. ఆ ఏడు నేను రోజూ పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి తాండూరుకు, బండలు పాలిష్ పట్టే పనికి వెళ్లేదాన్ని. వానలు బాగా పడి చేని గట్ల మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. కలుపుకు మనుషులు దొరకలేదు. ఎలా దొరుకుతారు, ఊరి ఆడవాళ్లలో సగం మంది నాతోపాటు ఆ ఆటోలోనే ఉండేవాళ్లు.

ఒకరోజు పని దిగి వస్తూ తాండూరులో గడ్డి మందు డబ్బా కొన్నాను. మా ఆయన చుట్టాలింటికి వెళ్లిన ఒక ఆదివారం పంపు వీపుకు తగిలించుకుని గట్లన్నిటికీ నేనే కొట్టాను. మా చేను పక్కనుంచే ఒకామె రోజూ మేకల్ని తోలుకుపోతుందని నాకు తెలుసు. ఆమెకు చెప్పాలనీ అనుకున్నాను. చెప్పలేదు. ఇంటికి పోయి వంట మొదలుపెట్టాక ఆ సంగతే మరిచిపోయాను.

రెండు రోజుల తర్వాత ఆమె మేకలు మూడు పడిపోయాయి.

ఆమె భర్త, మరుదులు మా ఇంటి మీదికి వచ్చారు. మా ఆయనకు నేను మందు కొట్టిన సంగతి తెలియదు. "మేం ఏ మందు కొట్టలే. లేత జొన్న మొలకల్ల విషముంటది, అవి తిని సచ్చినయేమో" అని గట్టిగా అన్నాడు. అవతలివాళ్లు కర్ర ఎత్తారు, మా బావ రాయి అందుకున్నాడు. ఎవరో అడ్డుపడి విడదీశారు. వాళ్లు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. మా వాడకూ వాళ్ల వాడకూ మాటలు ఆగిపోయాయి. నల్లా దగ్గర ఆడవాళ్లం కూడా బిందెలు ఎడంగా పెట్టుకుని, మొహాలు తిప్పుకుని నిలబడేవాళ్లం.

నాలుగు రోజులు నోరు విప్పలేదు నేను. ఐదో రోజు పొద్దున పనికి పోకుండా ఆమె మేకల దొడ్డి దగ్గరికి వెళ్లాను. ఆమె నా కంటే పదేళ్లు పెద్దది. పుట్టిల్లు కర్ణాటక వైపు. కోపం వస్తే కన్నడంలో తిడుతుందని ఊరంతా అంటారు. ఆరోజు తిట్టలేదు.

"అక్కా, మందు కొట్టింది నేనే. మా ఆయనకు తెల్వదు. నీ మేకలు అటు వస్తయని తెలిసి గూడ చెప్పలే" అన్నాను.

ఆమె చేతిలోని మేత కట్ట కింద పెట్టింది.

"మేకల ఫికర్ గాదు చెల్లె. అవి మల్ల ఈనుతయి. గదే గట్టు మీద నా బిడ్డ గునుగు కూర తెంపుకొచ్చింది. పొయ్యి మీద పెట్టబోతుంటె మేకలు పడ్డయని కేకలొచ్చినయి. ఉరికి పోయి చూసొచ్చి కూరంత పారబోసిన. జరంత ఆలస్యమైతే ఏమయ్యేది, చెప్పు?"

అదే గట్టు మీది కూర మా ఇంట్లోనూ వండుతాం. మా పాప కూడా వెళ్లి తెంపుకొస్తుంది. దొడ్డి గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. "ఏడిస్తె ఏమొస్తది? ఆడోళ్లందర్ని ఒక్కకాడ జమజేద్దాం" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో నిజం చెప్పేశాను. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వాళ్లింటికి పోయి తప్పు ఒప్పుకుని వచ్చాడు.

రెండు వాడల ఆడవాళ్లం బడి వరండాలో కూర్చున్నాం. మొదట అరుపులే. పాత తగాదాలన్నీ బయటికి వచ్చాయి. నేను లేచి అందరి ముందూ జరిగింది చెప్పాను. ఆమె కూర సంగతి చెప్పింది. అందరికీ పిల్లలున్నారు, అందరూ ఆ గట్ల మీదే కూర తెంపుతారు. అరుపులు వాటంతటవే తగ్గాయి.

పొద్దుగూకేలోపు ఒక మాటకు వచ్చాం. గడ్డి మందు ఎవరూ కొట్టొద్దు. వంతుల వారీగా ఒకరి చేనుకు అందరం పోయి కలుపు తీయాలి. పంట ఇంటికి చేరేదాకా మేకలు చేలల్లోకి రావొద్దు. కోత అయ్యాక మాత్రం మందలు మా చేలల్లోనే పడుకోవాలి, ఎరువు మాకు, మేత వాటికి.

మగవాళ్లు నవ్వారు. "నాలుగు దినాల ముచ్చట" అన్నాడు మా బావ.

మా చేను వంతు రాకముందే ముసురు పట్టింది. వారం తర్వాత చూస్తే కంది కంటే కలుపే ఎత్తుగా ఉంది. మా బావ పంపు తెచ్చి గట్టు మీద పెట్టాడు. ఏం చేయాలో తోచక నిలబడ్డాను. అప్పుడే ఆమె వచ్చింది, వెనుక పదిహేను మంది దాకా ఆడవాళ్లు, చేతుల్లో కలుపు తీసే ఖుర్పీలు. ఆరోజు వంతు తన చిన్న చేనుదైనా, దాన్ని ఆపి నా చేనుకు తీసుకొచ్చింది వాళ్లను.

"ఆ పంపు ఇంటికి తీస్కపో అన్నా. మేం ఉన్నం గద" అంది మా బావతో.

ఆయన పంపు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. రెండు రోజుల్లో చేను తేటబడింది. పోలీసుల దగ్గరికి ఆమె, నేను కలిసే వెళ్లాం. ఆమె ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంటే, గొడవపడ్డ ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారేమిటని అక్కడివాళ్లు ఆశ్చర్యపోయారు.

అది జరిగి మూడేళ్లు. ఇప్పటికీ మా ఊళ్లో రెండిళ్లవాళ్లు చాటుగా మందు కొడతారు. వాళ్లనూ అడుగుతూనే ఉన్నాం. వంతుల కలుపుకు పోవడానికని నేను బండల పని మానేశాను.

మొన్న ధారూర్ దగ్గరి ఒక ఊరి ఆడవాళ్లు, మందు లేకుండా ఎలా నెగ్గుకొస్తున్నామో చెప్పమని మమ్మల్ని రమ్మన్నారు. ఆమె, నేను రైల్లో వెళ్లాం. సగం తెలుగు, సగం కన్నడం కలిపి ఆమే ఎక్కువ మాట్లాడింది. చంటిబిడ్డ తల్లి ఒకామె లేచి, "మీ మొగోళ్లు ఒప్పుకున్నరా?" అని అడిగింది.

"వాళ్లు ఒప్పుకునేదాక కలుపు ఆగుతదా బిడ్డా?" అంది ఆమె.

అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎవరి చేను ముందు, ఎవరిది తర్వాత అని వాళ్లలో వాళ్లే వాదించుకోవడం మొదలుపెట్టారు. వచ్చే నెల వికారాబాద్ పక్క ఊరికి వెళ్తున్నాం.