అమ్మమ్మ దొంగిలించిన బట్టలు

నా చిన్నప్పుడు, జెర్సీ సిటీలో మేమున్న అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లోనూ వాషింగ్ మెషీన్ ఉండేది కాదు. అందరూ బేస్‌మెంట్‌లోని లాండ్రీ రూమ్‌కి బుట్టలు మోసుకెళ్ళాల్సిందే. మాతో ఉండటానికి వచ్చిన మా అమ్మమ్మకి అమెరికా మొత్తంలో నచ్చిన చోటు అదొక్కటే. వాళ్ళ ఊరి కాలువ రేవులో ఆడవాళ్ళంతా బట్టలుతుకుతూ కష్టసుఖాలు చెప్పుకునేవారట. మగవాళ్ళు ఆ ఛాయలకే వచ్చేవారు కాదట.

అలాంటి అమ్మమ్మ ఒకరోజు పక్కింటి అక్క స్వెట్టర్‌ని డ్రయ్యర్‌లోంచి తీసి, మా బుట్టలో తువ్వాళ్ళ అడుగున దాచడం కళ్ళారా చూశాను. పరుల సొమ్ము పాము వంటిదని నాకు నూరిపోసిన మనిషి! పక్కనే ఉన్న అక్క అది చూస్తూనే మిగతా బట్టలు మడతపెట్టుకుంటోంది.

అంతలో అక్క భర్త లాండ్రీ రూమ్‌లోకి దిగి వచ్చాడు. మా బుట్టలో తువ్వాళ్ళ కింద నుంచి తొంగిచూస్తున్న స్వెట్టర్‌ని పైకి లాగి, "ఇది మా ఆవిడది కదండీ?" అన్నాడు. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మమ్మ మాత్రం పకపకా నవ్వేసింది.

"కళ్ళు కనపడి చావట్లేదు బాబూ. ఏది ఎవరిదో పోల్చుకోలేకపోతున్నా. తీసుకుపో నాయనా."

సూదిలో దారం తనే ఎక్కించుకునే అమ్మమ్మ! అంత పచ్చి అబద్ధం ఆమె నోట విని కొయ్యబారిపోయాను. అతను వెళ్ళాక అడిగేశాను, "అమ్మమ్మా, నువ్వు దొంగవా?" అని. అక్కే తన పొడుగు చేతుల చొక్కా పైకి లాగి చూపించింది. మోచేతి దాకా కమిలిన మచ్చలు. నవ్వుతూ నాకు జడలల్లే చేతులవి. నాకు ఏడుపొచ్చేసింది.

"వాడు దీన్ని ఒంటరిగా పంపేది ఈ ఒక్కచోటికే," అంది అమ్మమ్మ. "సూట్‌కేస్‌తో గుమ్మం దాటనివ్వడు. బట్టల బుట్టతో దాటితే ఎవడాపుతాడే? మా రేవులో కూడా ఇలాగే ఒక పిల్లని పుట్టింటికి చేర్చాం."

అలా ఒక్కొక్క బట్టా మా ఇంటికి చేరింది. చివరికి దిండు గలేబులో పాస్‌పోర్ట్ కూడా వచ్చింది. అతను ఆఫీస్‌కి వెళ్ళిన ఓ ఉదయం, అమ్మమ్మ సర్దిపెట్టిన సూట్‌కేస్‌తో అక్క తన అన్నయ్య కారెక్కి వెళ్ళిపోయింది. సాయంత్రం అతను మా తలుపు బాదితే, అమ్మమ్మ ఏమీ ఎరగనట్టు కాఫీ తాగుతావా బాబూ అని అడిగింది.

ఇప్పుడు ఇంటింటికీ మెషీన్ ఉంది. సుఖమే, కాదనను. కానీ ఆడపిల్లలు ఒకరి చేతులు ఒకరు చూసుకునే చోటేదీ అన్న భయం నన్ను వదల్లేదు. అందుకే మా కమ్యూనిటీలోకి కొత్తగా ఏ అమ్మాయి కాపురానికొచ్చినా, ఓసారి మా ఇంట్లో బట్టలుతుక్కోమ్మా అంటాను. మెషీన్ ఉందిగా ఆంటీ అని నవ్వుతారు.

మొన్న ఒకమ్మాయి నవ్వలేదు. వెనక్కి తిరిగి తమ గుమ్మం వైపు చూసి, "ఎప్పుడు తీసుకురావచ్చు ఆంటీ?" అని అడిగింది.