అక్క కోరల్ మీద కొత్తల్లుడి కన్ను

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఈ భూమ్మీద ఏదీ ఉండేది కాదు. అప్పుడే ఎమ్మెస్సీ జువాలజీ ముగించి, నర్సీపట్నంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. క్లాసులో పిల్లలు నన్ను మేడమ్ అంటున్నారు, చేతిలో ఫోను, ఫోనులో ఇంటర్నెట్టు. ఇక నన్ను ఆపేదెవరు? ఉండేది మా అక్క ఇంట్లో. బావది కరెంటు సామాన్ల కొట్టు. లైట్లు, మోటార్లు, ఇన్వర్టర్లు ఆయనకి ఆటబొమ్మలే కాబట్టి హాల్లో గోడ పొడుగునా ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టేశాడు. తొట్టె నిండా రాళ్లు, రాళ్ల మీద రకరకాల కోరల్స్ (పగడపు జీవులన్నమాట. చూడ్డానికి పువ్వుల్లా ఉంటాయి గానీ ప్రాణమున్నవే). "మన ఊళ్లో సముద్రం సూడాలంటే మా ఇంటికే రావాల" అని బావ కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. నిజంగానే వచ్చేవాళ్లు కూడా. వీధిలో వాళ్లు పిల్లల్ని ఎత్తుకుని మరీ వచ్చి చూసి, కాఫీ తాగి వెళ్లేవాళ్లు.

అక్వేరియం బావదే అయినా అందులో ఒక కోరల్ మాత్రం అచ్చంగా అక్కది. గోరంత ముక్కగా వచ్చి, అక్క చేతిలో పెరిగి పెరిగి, కాఫీ సాసరంత అయ్యింది. ఆకుపచ్చ ఒళ్లు, గులాబీ అంచు. పొద్దున్న లైట్లు వెలగ్గానే కండ పట్టిన రేకుల్లా విచ్చుకునేది. అది విచ్చుకున్నాకే మా అక్క కాఫీ కలిపేది. ఆ రోజుల్లోనే నేను విశాఖపట్నంలో ఒక అక్వేరియం కొట్టుకి వెళ్లి ఫ్లేమ్ ఏంజెల్ అనే చేపని చూశాను. అబ్బబ్బ! కుంకుమరంగు ఒంటి మీద నల్ల చారలు, రెక్కల చివర నీలం, అరచేతిలో పట్టేంత చేపకి ఆకాశమంత పొగరు! నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. అది మా తొట్టెలో తిరగకపోతే నా చదువే దండగ అనిపించింది. కానీ ఏంజెల్ చేపలకి కోరల్స్‌ని కొరికే బుద్ధి ఉందని అక్కకి ఎవరు చెప్పారో, ముందే తెలిసిపోయింది.

"ఏటే, ఆ సేప నా కోరల్ తింటాదంట కదా?"

"అన్నీ తినవక్కా! కడుపు నిండా పెడితే దాని జోలికే పోదు. నేను మొత్తం చదివాను."

"నువ్వు సదివావు. అది సదివిందా?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నాకు అప్పటికే బాగా వచ్చు. ఏంజెల్‌ని అన్ని చేపలూ కుదురుకున్నాక చివర్లో వేయాలి, తొట్టెకి ఒక్కటే ఉండాలి, రాళ్లలో దాక్కోవడానికి కన్నాలు ఉండాలి, పీక్కు తినడానికి నాచు ఉండాలి, మేత కొంచెం కొంచెంగా తరచుగా పెట్టాలి, అని వంటింట్లో నిలబడి ఒక పీరియడ్ మొత్తం పాఠం చెప్పాను. అక్క చారుకి పోపు పెట్టి, గరిటె నా వైపు చూపించింది. "సరే, తెచ్చుకో. నా కోరల్ మీద ఒక్క గాటు కనిపించిందో, ఆ రోజే దాన్ని ఆ కొట్టుకి పంపించేత్తాను. నువ్వు ఏడ్సినా ఇనను." నేను ఎగిరి గంతేశాను. ఆ మాటలో బెదిరింపు ఉందని నాకు వినబడనే లేదు!

విశాఖపట్నం నుంచి బస్సులో థర్మకోల్ డబ్బా ఒళ్లో పెట్టుకుని వచ్చాను. కండక్టర్ టికెట్ కొడుతూ డబ్బా వైపు చూశాడు. "ఏటమ్మా అందులో? సేపలా?" అవునండీ, ఒక్కటే అన్నాను. "ఒక్క సేప కోసం ఇశాపట్నం ఎల్లావా? పాయకరావుపేట ఎల్తే తట్టలు తట్టలు దొరుకుతాయి కదా! ఏ సేప, సందువా?" కూరకి కాదండీ, పెంచుకోవడానికి అని మూత కాస్త ఎత్తి చూపించాను. అంతే, ఆయన మొహం మారిపోయింది. డ్రైవర్ వైపు తిరిగి, "గురువా, గోతుల్లో నెమ్మదిగా పోనీ! బండిలో సేప ఉంది!" అని కేకేశాడు. దారి పొడుగునా ఎవరో ఒకరు వచ్చి, పసిపిల్లని చూసినట్టు డబ్బాలోకి చూసి వెళ్లారు. గర్వంతో నా మెడ నొప్పెట్టింది.

తొట్టెలోని పాత చేపలు కొత్తదాన్ని తరమకుండా మొదట కన్నాలున్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని తొట్టెలో వేలాడదీశాం. అక్కడే వచ్చింది చిక్కు. అక్క అత్తగారు (నాకు అత్తమ్మ, ఉండేది మాతోనే) రోలుగుంట వైపు జీడితోటల రైతు ఇంటి మనిషి. కుర్చీ లాక్కుని ఆ పెట్టె ఎదురుగా కూర్చుంది. "ఓలమ్మా, ఎంత అందగాడే! ఎవరితోటీ మాటాడడు, మూల కూకుని అందర్నీ సూత్తన్నాడు. అచ్చం కొత్తల్లుడే!" అంది. పేరు ఖాయమైపోయింది. మర్నాటి నుంచి వీధిలో ఎవరొచ్చినా "మీ కొత్తల్లుడు బాగున్నాడా?" అనే పలకరింపు. పెట్టెలోంచి వదిలిన రోజున అత్తమ్మ హారతి ఇస్తానంటే, పొగ పడదని బతిమాలి ఆపాను.

కొత్తల్లుడన్న మాట ఊరికే పోతుందా? మా వైపు కొత్తల్లుడి విస్తరి ఖాళీగా కనిపిస్తే ఆ ఇంటికి తలవంపులు. చాలు అన్నాడంటే ఇంకో గారె వేయమని అర్థం. వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోస్తారు. (పెళ్లైన కొత్తలో మా అమ్మ చేతిలో ఇలా అయిపోయి, బావ మూడు పూటలు మంచం దిగలేదు.) "కొంచెం కొంచెంగా, తరచుగా" అని నేను చెప్పిన పాఠంలో ఇంట్లో అందరికీ "తరచుగా" ఒక్కటే బుర్రకెక్కింది. కొత్తల్లుడు కూడా తక్కువవాడు కాదు. మనిషి అద్దం దగ్గరికి వస్తే చాలు, ఏళ్ల తరబడి తిండి ఎరగనట్టు గిరగిరా తిరిగేవాడు.

కొన్నాళ్లకి రాళ్ల మీద గోధుమరంగు జిడ్డు పట్టింది, నీళ్లు పల్చటి గంజిలా అయ్యాయి. ఒక ఆదివారం పొద్దున్న హాల్లోంచి అక్క కేక. పరుగెత్తాను. కోరల్ ముడుచుకుపోయి ఉంది. సాసరంతది కాస్తా, కిస్‌మిస్ పండులా!

"కొరికేసింది! నాకు తెలుసు, కొరికేసింది! బేగి పట్టండి దాన్ని!"

బావ చొక్కా విప్పి, వల పట్టుకుని, చంక దాకా నీళ్లలో చెయ్యి పెట్టాడు. కొత్తల్లుడు ఈ కన్నంలో దూరి ఆ కన్నంలోంచి తల బయట పెడుతున్నాడు. దాక్కోవడానికి కన్నాలు ఉండాలని పట్టుబట్టి ఆ రాళ్లన్నీ పేర్పించింది ఎవరు? నేనే! "ఎడం పక్క! ఎడం పక్క!" అని అక్క, "నీ ఎడమా నా ఎడమా?" అని బావ, నేల మీద మడుగులు, నా కళ్లల్లో నీళ్లు. నా ఫ్లేమ్ ఏంజెల్ వెళ్లిపోతోంది! అప్పుడు అత్తమ్మ కుర్చీలోంచి లేవకుండానే, "నిదానంగా సూడండ్రా. గాటేదీ? గాటు లేకుండా ఆడి మీద నింద ఏత్తారేటి?" అంది. అందరం అద్దానికి మొహాలు ఆనించాం. నిజమే, ఎక్కడా గాటు లేదు. ముడుచుకుపోయింది, అంతే.

నా జువాలజీ అప్పుడు నిద్రలేచింది. నీటిని పరీక్షించే కిట్ తెచ్చి గాజు గొట్టంలో చుక్కలు వేశాను. నీళ్లు బీట్‌రూట్ రసంలా ఎర్రబడ్డాయి. తినగా మిగిలిన మేత కుళ్లి నీళ్లు పాడైపోయాయన్నమాట. "ఎవరెవరు పెడుతున్నారు మేత?" అన్నాను. నేను కాలేజీకి వెళ్లే ముందూ, వచ్చాకా. బావ కొట్టు తెరిచే ముందు, "ఊరికే, ఓ చిటికెడు." అత్తమ్మ పూజయ్యాక, భోజనమయ్యాక, టీవీ చూస్తూ మధ్యలో. "అడుగుతన్నాడు కదే, లేదని ఎలాగ సెప్తాను?" చూడ్డానికి వచ్చిన చుట్టుపక్కల వాళ్లకి కూడా ఆవిడే తలో చిటికెడు ఇచ్చి వేయించిందట, ముచ్చటగా ఉంటుందని. ఆఖరికి అందరం అక్క వైపు తిరిగాం. అక్క చీరకొంగు తిప్పుకుంటూ నేల చూసింది.

"మరి ఆడికి ఆకలేత్తే నా కోరల్ మీద పడతాడని... మీరందరూ ఎల్లాక నేనూ ఏసేదాన్ని."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బావ మాత్రం నవ్వుతూ నవ్వుతూ మడుగులోనే కూర్చుండిపోయాడు. మధ్యాహ్నం దాకా ఆర్వో నీళ్లలో అక్వేరియం ఉప్పు కలిపి, వేడి సరిచూసి, పాత నీళ్లు తోడి కొత్తవి పోశాం. మేత బాధ్యత ఇక ఒక్కరికే ఉండాలని తీర్పైంది. ఎవరినీ నమ్మనని అక్కే తీసుకుంది. పూటపూటకీ వేళ్ల మధ్య చిటికెడు, రాతికి కట్టిన నాచు ముక్క ఒకటి. అత్తమ్మ ఎంత బతిమాలినా డబ్బా ఇచ్చేది కాదు. వారాల మీద వారాలు నీళ్లు మారుస్తుంటే జిడ్డు తగ్గింది. కొత్తల్లుడు అక్క గాజుల చప్పుడు వింటే చాలు, అద్దం దగ్గరికి వచ్చి నిలబడేవాడు. అక్క వంటింట్లోంచి వాడితో మాట్లాడటం నేను చాలాసార్లు విన్నాను, విననట్టు ఊరుకున్నాను.

ఒక పొద్దున్న కోరల్ పూర్తిగా విచ్చుకుంది. మునుపటికంటే పెద్దగా! ఇంటిల్లిపాదీ అద్దం ముందు చేరాం. గులాబీ అంచు లైటు కింద మెరుస్తోంది. కొత్తల్లుడు తాపీగా వచ్చాడు, కోరల్ చుట్టూ ఒక రౌండు వేశాడు, అందరం చూస్తుండగానే వంగి, అంచు పట్టుకుని, టక్కుమని ఒక్క ముక్క కొరికాడు.

ఈసారి గాటు ఉంది. వేలు పెట్టి చూపించేంత స్పష్టంగా ఉంది. బావ మెల్లిగా వల కోసం చెయ్యి చాచాడు. నేను కళ్లు మూసుకున్నాను. అక్క గొంతు వినిపించింది.

"అయ్యో, పొద్దున్నే ఇంకా ఏటీ ఎట్టనేదు కదా పాపం. ఆకలేసినట్టుంది."

అని, మేత డబ్బా తేవడానికి లోపలికి వెళ్లింది.

తర్వాత బావ పక్కన ఇంకో చిన్న తొట్టె కట్టి కోరల్‌ని అందులోకి మార్చాడు. ఇల్లు మారింది కోరల్‌కి గానీ అల్లుడికి కాదు. ఇప్పుడు నా ఇంట్లోనూ ఉప్పునీళ్ల తొట్టె ఉంది, ఎవరెవరో ఫోన్ చేసి కోరల్స్‌తో ఏంజెల్‌ని పెంచవచ్చా అని అడుగుతుంటారు. ఆ రోజుల్లోని ఆ పిల్ల అయితే ఊపిరి తీసుకోకుండా గంటసేపు పాఠం చెప్పి, ఏమీ కాదని హామీ కూడా ఇచ్చేసేది. ఎంత ధైర్యం దానికి! ఆ పిల్లని తలుచుకుని ముద్దొచ్చి నవ్వుకుంటాను. నేను మాత్రం ఒక్కటే అడుగుతాను, "కొరికాక కూడా దాన్ని ఉంచుకోగలరా?" అని.