చూపు బాగున్నవాళ్ళు ముందు

మొన్న కనిగిరి అవతల ఒక ఊళ్ళో బడి గది కిటికీలకు నల్లగుడ్డలు కడుతుంటే, గాలి తిరిగి పొగాకు వాసన లోపలికొచ్చింది. ఆకు ఆరబెట్టే బ్యారన్ గదిలో వేడికి ఆకు పండుతున్నప్పటి వాసన అది. తియ్యగానూ ఉంటుంది, గొంతులో కాస్త పట్టుకుంటుంది కూడా. అది తగిలితే చాలు, నాకు మా జరీనా మేడం గుర్తొచ్చేస్తారు. గుడ్డ సందులోంచి ఏ కాస్త వెలుతురు కనబడినా ఆవిడ ఊరుకునేవారు కాదు. ఇది గుడ్డ కట్టడమా, పెళ్ళి పందిరి వెయ్యడమా అని నలుగురిలో కడిగేసేవారు.

మేడంది నల్లపాడు. షుగరున్నవాళ్ళ కంటి లోపలి పొరను ఫొటో తీయడానికి ఊరూరా తిరిగే మా బృందానికి ఆవిడే పెద్ద. నేను కంటి పరీక్షల కోర్సు అయిపోగానే ఆవిడ దగ్గర కెమెరా మనిషిగా చేరాను. మార్టూరులో రాళ్ళు కోసే మిషన్ల మోత మధ్య పెరిగినదాన్ని, నా గొంతూ తక్కువేం కాదు. మేమిద్దరం మామూలుగా మాట్లాడుకుంటున్నా, పోట్లాడుకుంటున్నామేమోనని జనం ఆగి చూసేవారు.

చేరిన కొత్తలో గుంటూరు పక్కన మిరప ఊళ్ళకు వెళ్ళాం. అప్పట్లో కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేసేవాళ్ళం. అవి వేస్తే ఆ పూటంతా ఎండలోకి చూడలేరు, బండి నడపలేరు. చుక్కలు వేయించుకున్నవాళ్ళు మొహాన తువ్వాలు కప్పుకుని తడుముకుంటూ ఇళ్ళకు పోవడం ఊరంతా చూసింది. మర్నాడు కాకి కూడా వాలలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మంచికే కదా చెబుతున్నాం, రాకపోతే వాళ్ళ ఖర్మ అన్నాను. మేడం నా వంక అదోలా చూశారు. కాయ కోతల రోజుల్లో పని మానుకుని నువ్వయితే వస్తావా అని అడిగారు. చీకట్లో కూర్చుంటే కంటిపాప దానంతటదే విప్పారుతుంది, చుక్కలు అక్కర్లేని కెమెరా తెప్పించుకుందాం, నువ్వు మాత్రం పట్టపగలు చీకటి ఎక్కడ దొరుకుతుందో వెతుకు అన్నారు.

ఆ చీకటి ప్రకాశం వైపు వెళ్ళాక, నేను మొన్న వెళ్ళిన ఈ ఊళ్ళోనే దొరికింది. వానాకాలంలో ఖాళీగా ఉన్న పొగాకు బ్యారన్ అది. తలుపేస్తే లోపల అమావాస్యే. దాని యజమాని కోటయ్య గారు ఊడ్పించి, మంచం వేయించి, మంచినీళ్ళ బిందె కూడా పెట్టించాడు. బ్యారన్‌లో వేడి పెట్టి ఆకు పండించడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఆకుపచ్చ ఎంత పసుపుకు తిరిగితే మంట పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో కంటితోనే చెప్పేస్తాడు. ఊళ్ళో సగం పంట ఆయన చూపు మీదే నడిచేది. ఆ చూపు పోతే ఆయనకు పనీ లేదు, పరువూ లేదు. షుగరేమో చాలా ఏళ్ళ నుంచి ఉంది.

ఊళ్ళో అందరినీ పరీక్షకు పంపించాడు కానీ ఆయన మాత్రం స్టూలు మీద కూర్చోడే!

"నాకు చూపు బాగానే ఉంది మేడమ్మా. సూదిలో దారం ఎక్కించి చూపించనా?" అన్నాడు. అన్నంత పనీ చేశాడు కూడా, గుమ్మంలో నిలబడి, కళ్ళజోడు లేకుండానే. మసకలంటున్నవాళ్ళు బయట బోలెడుమంది ఉన్నారు, ఈయన్ని వదిలేద్దాం మేడం అన్నాను.

"పిచ్చిమొహమా, మసకలొచ్చినవాడు వాడే పరిగెత్తుకొస్తాడు. చూపు బాగుందన్నవాళ్ళని ముందు కూర్చోబెట్టు. మనం వచ్చిందే వాళ్ళ కోసం."

నిజమే మరి. షుగరు వల్ల కంటికొచ్చే ఈ జబ్బు మొదట్లో నొప్పీ పెట్టదు, మసకా రానివ్వదు. మసక వచ్చేసరికి పోయిన చూపు పూర్తిగా తిరిగి రాదు. పుస్తకంలో ఇదంతా చదివి పరీక్ష రాసినదాన్నే నేను. అయినా మనిషి ఎదురుగా నిలబడి బాగుందంటే నమ్మేశాను.

మేడం ఆయన్నేమీ తిట్టలేదు. గోడలో నల్లగుడ్డ కప్పి ఉన్న చిన్న కిటికీ అద్దం ఎందుకని అడిగారు. తలుపు తీస్తే వేడి పోతుంది, లోపల ఆకు ఎలా ఉందో అందులోంచి చూసుకుంటూ ఉండాలి అన్నాడాయన. మచ్చ లేచాక తలుపు తీసి లాభం లేదట.

"నీ కంటికీ దేవుడు అలాంటి అద్దమే పెట్టాడు కోటయ్యన్నా. అందులోంచి చూసి పోతాం, తలుపు తీయంలే," అన్నారు మేడం.

ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. ఫొటో తెర మీదికొచ్చాక ఆ నవ్వు లేదు. కుడికంట్లో సూదిమొనతో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు, పక్కనే పసుపు మరక. తెర దగ్గరికి వంగి చూశాడు. "ఆకు మీద మచ్చ లేచినట్టే ఉందే," అని, "చెయ్యి దాటిందా మేడమ్మా?" అని అడిగాడు.

"దాటలేదన్నా. మంట తగ్గించుకుంటే ఇక్కడితో ఆగుతుంది."

ఆ ఫొటో చూసి గుంటూరులో డాక్టరు గారూ అదే చెప్పారు. కంటికి ఇప్పుడు వైద్యమేమీ అక్కర్లేదు, షుగరూ బీపీ అదుపులో పెట్టుకుని ఏడాదికోసారి ఫొటో తీయించుకోమన్నారు.

మేడం రిటైరయ్యారు. ఇప్పటికీ ఫోను చేసి, ఎంతమంది వచ్చారని కాదు, బాగుందన్నవాళ్ళు ఎంతమంది కూర్చున్నారని అడుగుతారు. ఆవిడ తిట్లు తినే భాగ్యం కొత్తగా చేరినవాళ్ళకు లేదే అని నాకు నిజంగా బాధేస్తుంది.

మొన్న ఆ పొగాకు వాసనతో పాటే కోటయ్య గారూ వచ్చాడు, బ్యారన్ దగ్గర్నుంచి తిన్నగా, చొక్కా నిండా మసితో. వరస దాటుకుని ముందుకొచ్చేశాడు.

"ముందు నన్ను కూర్చోబెట్టమ్మాయ్. నాకు చూపు బాగానే ఉంది."

వరసలోవాళ్ళు గొణిగారు. నేను తలుపేశాను. ఫొటో తీసి, నిరుటి ఫొటో పక్కన కొత్తది పెట్టి, ఎప్పటిలాగే రెండుసార్లు సరిచూసుకున్నాను. చుక్కలు పెరగలేదు. ఒకటయితే మాసిపోయింది కూడా.

"ఆగిందా?" అన్నాడు.

"ఆగింది బాబాయ్."

కండువాతో మొహం తుడుచుకుని గుమ్మంలోకి వెళ్ళాడు. "చూపు బాగున్నవాళ్ళు ముందుకు రండ్రా!" అని ఒక్క కేకేశాడు. ఎవరూ కదల్లేదు. మొగుడికి తోడుగా వచ్చి గోడవార కూర్చున్న ఒకావిడ మాత్రం సంచి పక్కన పెట్టి మెల్లగా లేచింది. నాకూ షుగరుంది, కళ్ళకైతే ఏమీ లేదు అంది.

"రండమ్మా," అన్నాను, "ముందు మీరే."